సొంతగడ్డను అమ్ముకున్న సీజన్: ఎ-లీగ్ 2022-23లో అసలేం జరిగింది?

2023 జూన్ 3, శనివారం. సిడ్నీ పడమటి వైపున్న పారమట్టా స్టేడియంలో, ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎ-లీగ్ గ్రాండ్ ఫైనల్‌లో మెల్‌బోర్న్ సిటీ 6-1 తేడాతో చిత్తుగా ఓడింది. ఆ సీజన్ మొత్తంలో ఆడిన 26 మ్యాచుల్లో మూడంటే మూడే ఓడిపోయిన జట్టది. పాయింట్ల పట్టికలో 55 పాయింట్లతో అగ్రస్థానం. రెండో స్థానంలో ఉన్న సెంట్రల్ కోస్ట్ మారినర్స్‌కు 44. అంటే 11 పాయింట్ల ఎడం. ఆ రాత్రి సిటీ వలలో ఆరు గోల్స్ కొట్టింది సరిగ్గా ఆ మారినర్సే.

మరి ఆ ఏడాది ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో గెలిచిందెవరు? ఇద్దరూ. ఇది తప్పించుకునే జవాబు కాదు, అక్కడి రూలే అంత. పట్టికలో మొదట నిలిచిన జట్టుకు 'ప్రీమియర్స్' అని పేరు, ప్రీమియర్స్ ప్లేట్ అనే పళ్లెం బహుమతి. ఆపై జరిగే నాకౌట్ మ్యాచులన్నీ దాటి గ్రాండ్ ఫైనల్ గెలిచిన జట్టుకు 'ఛాంపియన్స్' అని పేరు. వాళ్లకిచ్చే ట్రోఫీ గుండ్రంగా, నడుమ ఖాళీగా ఉంటుంది. అభిమానులు దాన్ని ముద్దుగా 'టాయిలెట్ సీటు' అంటారు. చరిత్ర పుస్తకాల్లో మాత్రం ఆ టాయిలెట్ సీటుదే పై చేయి.

ఇంగ్లండ్ లీగ్‌కు అలవాటు పడ్డవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ పట్టికలో ఎవరు పైనుంటే వాళ్లే విజేత, కథ అక్కడితో సరి. మనకు మాత్రం ఇది కొత్తేమీ కాదు. 2016 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ పట్టికలో మూడోది. పైన గుజరాత్ లయన్స్, బెంగళూరు ఉన్నాయి. కప్పు ఎవరెత్తారో చెప్పక్కర్లేదు (ఎత్తిన కెప్టెన్ ఆస్ట్రేలియావాడే కావడం ఇక్కడ కాకతాళీయం). ఫుట్‌బాల్ ఉదాహరణే కావాలంటే మన ఇండియన్ సూపర్ లీగ్ ఉంది. 2021-22లో పట్టికలో మొదట నిలిచి షీల్డ్ అందుకున్నది జంషెడ్‌పూర్. ఆ మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది హైదరాబాద్ ఎఫ్‌సీ. ఆ రాత్రి సంబరపడిన మనవాళ్లెవరికీ 'అసలు విజేత జంషెడ్‌పూర్ కదా' అన్న అనుమానం రాలేదు.

కాబట్టి రెండు ట్రోఫీల సంగతిలో చిక్కేమీ లేదు. ఆ సీజన్‌ను రచ్చకీడ్చింది ఆ రెండింటినీ కలిపి కట్టిన ఒక సన్నటి దారం. దాన్ని తెంపినవాళ్లకు కూడా అది ఎంత ముఖ్యమో తెంపేదాకా తెలిసినట్టు లేదు.

ఫైనల్స్ ఎందుకు పెట్టుకున్నారు?

ఆస్ట్రేలియాలో 1977 నుంచి 2004 దాకా నేషనల్ సాకర్ లీగ్ నడిచింది. అందులోని పెద్ద క్లబ్బుల్లో చాలా వాటికి పునాది వేసింది యూరప్ నుంచి వలస వచ్చిన క్రొయేషియన్, గ్రీకు, ఇటాలియన్ కుటుంబాలు. అప్పుల్లో, గొడవల్లో అది మూతపడ్డాక, ఏడాది ఖాళీ తర్వాత 2005 ఆగస్టులో ఎ-లీగ్ మొదలైంది. ఇది పూర్తిగా వేరే నమూనా. నగరానికో ఫ్రాంచైజీ, ఆటగాళ్ల జీతాలకు పరిమితి. అన్నిటికన్నా ముఖ్యం, కింది లీగ్‌కు జారిపోవడమనేది లేదు. ఆఖరి స్థానంలో నిలిచినా మళ్లీ ఏడాది దర్జాగా అదే లీగ్‌లో ఆడొచ్చు.

జారిపోతామన్న భయం లేనప్పుడు సీజన్ సగంలోనే మధ్యలో ఉన్న జట్ల ఆట చప్పబడిపోతుంది. దానికి మందు ఫైనల్స్. అప్పటి 12 జట్లలో మొదటి ఆరింటికి అవకాశం. మూడు నుంచి ఆరు దాకా ఉన్నవాళ్లు ఒకే మ్యాచ్‌తో తేల్చుకోవాలి. మొదటి రెండు జట్లు నేరుగా సెమీఫైనల్‌కు వెళ్తాయి. సెమీస్ రెండు అంచెలు, గ్రాండ్ ఫైనల్ ఒక్కటే. పైగా ఆ దేశంలో జనం ఫుట్‌బాల్ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది చాలాసార్లు కోడిగుడ్డు ఆకారపు బంతి. ఆస్ట్రేలియన్ రూల్స్, రగ్బీ లీగ్ రెండింట్లోనూ ఏడాదికి పెద్ద పండుగ గ్రాండ్ ఫైనల్ రోజే. ఆ అలవాటులో పెరిగిన ప్రేక్షకుడికి ఫైనల్ లేని లీగ్‌ను అమ్మడం కష్టం.

ఇప్పుడు ఆ దారం సంగతి. 26 మ్యాచులు కష్టపడి మొదటి స్థానం తెచ్చుకున్న జట్టుకు ఫైనల్స్‌లో అదనంగా ఒక గోల్ ఇవ్వరు, డ్రా అయినా గెలిచినట్టు చూడరు. నేరుగా సెమీస్‌కు వెళ్లాక దానికి మిగిలేది ఒక్కటే: సొంత మైదానం. ఫైనల్‌కు చేరితే పట్టికలో పైనున్న జట్టు ఊళ్లోనే మ్యాచ్ జరుగుతుంది. సీజన్ మొత్తం పడ్డ శ్రమకు ఫైనల్స్‌లో మిగిలే విలువ అదే. ఒక రకంగా చూస్తే లీగ్‌కూ నాకౌట్‌కూ మధ్య కుదిరిన రాజీ అది.

2022 డిసెంబర్ 12న ఆ రాజీని అమ్మేశారు.

కోటి డాలర్ల బేరం

లీగ్‌ను నడిపేది ఆస్ట్రేలియన్ ప్రొఫెషనల్ లీగ్స్ అనే సంస్థ, పొట్టిగా ఏపీఎల్. 2020 చివర్లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి విడిపోయి క్లబ్బులే పెట్టుకున్న కంపెనీ ఇది. ఆ డిసెంబర్ 12న వాళ్లు చేసిన ప్రకటన సారాంశం ఇదీ: వరుసగా మూడేళ్లు గ్రాండ్ ఫైనల్ సిడ్నీలోనే. పురుషులదీ, మహిళలదీ కూడా. ఎవరు ఫైనల్‌కు చేరినా సరే. బదులుగా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వ పర్యాటక సంస్థ నుంచి కోటి ఆస్ట్రేలియా డాలర్లకు పైగా సొమ్ము వస్తుందని వార్తలు వచ్చాయి.

దీంట్లో అంత తప్పేముంది అని మనకు అనిపిస్తుంది, అది సహజమే. 2019 ఐపీఎల్ ఫైనల్ ముంబై, చెన్నై ఆడింది మన ఉప్పల్‌లో. హైదరాబాద్ జనం టికెట్లు కొనుక్కుని, ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్ చూసి, హాయిగా ఇళ్లకెళ్లారు. ఎవరి హక్కూ పోయినట్టు ఎవరికీ అనిపించలేదు. ఏపీఎల్ వాదన కూడా దాదాపు ఇలాంటిదే. ఆస్ట్రేలియన్ రూల్స్ గ్రాండ్ ఫైనల్‌కు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌తో 2059 దాకా ఒప్పందం ఉంది. రగ్బీ లీగ్ ఫైనల్ అంటే సిడ్నీ. ముందే చోటు ఖరారైతే జనం ప్రయాణాలు కుదుర్చుకుంటారు, అదొక సంప్రదాయమవుతుంది అన్నారు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఐపీఎల్‌లో ఫైనల్ వేదికను పట్టికలో స్థానంతో సంపాదించుకోవడమనే లెక్క ఎన్నడూ లేదు. లేనిదాన్ని పోగొట్టుకోలేం. ఎ-లీగ్‌లో ఫైనల్ ఆతిథ్యం మొదటి నుంచీ మైదానంలో ఆడి సంపాదించుకునే హక్కు. ఇంకో సంగతి, మన ఫైనల్‌కు వచ్చేవాళ్లలో సగం మంది ఏ జట్టుకూ చెందని క్రికెట్ ప్రేమికులు. ఎ-లీగ్ స్టేడియంలో చప్పుడంతా గోల్ వెనక స్టాండ్‌లో నిలబడి, డప్పులు కొడుతూ, తొంభై నిమిషాలు పాడే కొన్ని వేల మందిది. వాళ్లు లేని ఫైనల్ పెళ్లికొడుకు లేని పెళ్లిలాంటిదే. దూరం లెక్కా ఉంది. 12 జట్లలో సిడ్నీ నగరానివి మూడు. మిగతా తొమ్మిదిలో పెర్త్ ఉంది, సిడ్నీకి అది దేశానికి అవతలి ఒడ్డు. వెల్లింగ్టన్ ఉంది, అదైతే ఏకంగా న్యూజిలాండ్.

సమయం మరీ ఘోరం. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు ఖతార్ ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా జట్టు మెస్సీ అర్జెంటీనాకు 2-1తో చెమటలు పట్టించి మరీ ఓడింది. అంతకుముందు ట్యునీషియాను, డెన్మార్క్‌ను ఓడించింది. అర్జెంటీనా మీద ఆఖరి క్షణంలో స్కోరు సమం చేసే అవకాశం గరాంగ్ క్యుయోల్ అనే కుర్రాడి కాళ్ల దగ్గరకు వచ్చింది. గోల్‌కీపర్ మార్టినెజ్ పడుకుని ఆపాడు కానీ లేకపోతే చరిత్రే. ఆ క్యుయోల్ అప్పటికి మారినర్స్ ఆటగాడు. మెల్‌బోర్న్ ఫెడరేషన్ స్క్వేర్‌లో అర్ధరాత్రి దాటాక వేల మంది గెంతులేసిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. ఆ ఊపును లీగ్ మైదానాలకు మళ్లించుకోవాల్సిన వారంలో ఏపీఎల్ అభిమానుల పుండు మీద కారం చల్లింది.

అడిలైడ్ ఆటగాడు క్రెయిగ్ గుడ్విన్ (ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ మీద గోల్ కొట్టినవాడు) ఈ నిర్ణయాన్ని తాను సమర్థించనని బాహాటంగా చెప్పాడు. మెల్‌బోర్న్ విక్టరీ ఛైర్మన్ ఆంథనీ డి పియెట్రో ఏపీఎల్ బోర్డుకు రాజీనామా చేశాడు. సిడ్నీ జట్ల అభిమానులు కూడా వ్యతిరేకించారన్నది గమనించాలి. లాభం వాళ్లకే అయినా 'మాకిలా వద్దు' అన్నారు. ఇది ఊళ్ల మధ్య పంతం కాదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇరవయ్యో నిమిషం, ఒక బకెట్

నిరసన పద్ధతి పద్ధతిగానే అనుకున్నారు. ఆ వారాంతం మ్యాచుల్లో ఇరవయ్యో నిమిషం రాగానే అభిమాన బృందాలు లేచి బయటికి నడవాలి. స్టాండ్ ఖాళీ అవ్వాలి, పాట ఆగాలి, టీవీలో ఆ నిశ్శబ్దం వినిపించాలి. చాలా మైదానాల్లో అలాగే జరిగింది.

డిసెంబర్ 17న మెల్‌బోర్న్ డెర్బీలో మాత్రం అలా జరగలేదు. సిటీ, విక్టరీ ఒకే ఊరి జట్లు, ఒకే మైదానం. సిటీ 1-0 ఆధిక్యంలో ఉంది. ఇరవయ్యో నిమిషం దగ్గరపడేసరికి ఎర్రటి మంటతో పొగ కక్కే ఫ్లేర్లు మైదానంలోకి వచ్చి పడ్డాయి. సిటీ గోల్‌కీపర్ టామ్ గ్లోవర్ తన దగ్గర పడ్డ ఒకదాన్ని తీసి స్టాండ్ వైపు విసిరాడు. మరుక్షణం విక్టరీ స్టాండ్‌లోంచి వంద మందికి పైగా మనుషులు కంచె దాటి దూకారు. ఫ్లేర్లను ఆర్పడానికి వాడే లోహపు బకెట్ ఒకటి అక్కడుంది. ఒకడు దాన్ని ఎత్తి గ్లోవర్ ముఖం మీదికి విసిరాడు. ముఖం చీరుకుపోయింది, తలకు దెబ్బతో కంకషన్. రెఫరీ అలెక్స్ కింగ్‌కూ, ఒక టీవీ కెమెరామన్‌కూ దెబ్బలు తగిలాయి. మ్యాచ్ అక్కడితో రద్దు.

మర్నాడు ప్రపంచకప్ ఫైనల్. ఫుట్‌బాల్ చరిత్రలోనే గొప్ప ఫైనళ్లలో ఒకటి జరగబోతున్న రోజున ఆస్ట్రేలియా పేపర్లలో మొదటి పేజీలో నెత్తురు కారుతున్న గోల్‌కీపర్ ముఖం.

ఇక్కడ రెండు సంగతులు కలగాపులగం చేసుకోకూడదు. బకెట్ విసిరినవాడిది నేరం, దానికి ఏ నిరసనా సాకు కాదు. కేసులు పెట్టారు, స్టేడియాల్లోంచి నిషేధించారు, జరగాల్సిందే. కానీ ఆ రాత్రితో అసలు ప్రశ్న గంగలో కలిసింది. పన్నెండో తారీఖున జవాబు చెప్పుకోలేక తంటాలు పడ్డ ఏపీఎల్‌కు పదిహేడో తారీఖు తర్వాత చెప్పుకోవాల్సిన అవసరమే లేకుండా పోయింది. చర్చంతా 'సాకర్ పోకిరీల' మీదికి మళ్లింది. వలస కుటుంబాలు పెంచిన ఆటను అనుమానంగా చూసే పాత అలవాటు ఆ దేశంలో ఇంకా చచ్చిపోలేదు కనుక ఆ ముద్ర వేయడం కూడా తేలికే అయింది. నా లెక్కలో ఆ సీజన్లో శాంతియుతంగా లేచి వెళ్లిపోయిన వేలాది మందికి జరిగిన అన్యాయం ఇదే. వాళ్ల మాట వినిపించకుండా చేసింది మొదట కంపెనీ, తర్వాత వాళ్ల పక్కనే నిలబడి డప్పు కొట్టినవాడు.

విక్టరీ క్లబ్బుకు 5,50,000 డాలర్ల జరిమానా పడింది, ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో అప్పటిదాకా ఎరగనంత. మళ్లీ ఇలాంటిది జరిగితే 10 పాయింట్లు కోసేస్తామన్న కత్తి నెత్తి మీద వేలాడదీశారు. ఆగిపోయిన మ్యాచ్ మిగతా భాగాన్ని ఏప్రిల్ 5న, ఆగిన చోటి నుంచి, అదే 1-0 స్కోరుతో ఆడించారు. మూడున్నర నెలల విరామం తర్వాత కొనసాగిన మొదటి సగం అది. సిటీయే గెలిచింది.

మైదానంలో జరిగింది

ఇంత గొడవలో ఆట సంగతి మరుగున పడింది కానీ ఆట మాత్రం బాగుంది. సిటీ మాంచెస్టర్ సిటీ యాజమాన్యపు బృందంలోని క్లబ్. సీజన్ మొదట్లోనే కోచ్ ప్యాట్రిక్ కిస్నోర్బోను అదే బృందానికి చెందిన ఫ్రాన్స్ క్లబ్ ట్రోయాకు బదిలీ చేసేశారు, బ్యాంకు మేనేజర్‌ను ఇంకో బ్రాంచికి పంపినట్టు. ఆయన స్థానంలో వచ్చిన రాడో విడోసిచ్ చేతుల్లోనూ జట్టు తడబడలేదు. జేమీ మెక్‌లారెన్ 24 గోల్స్ కొట్టాడు. సిటీకి వరుసగా మూడో ప్రీమియర్స్ ప్లేట్ అది.

మారినర్స్‌ది మరో ప్రపంచం. సిడ్నీకి ఉత్తరాన సముద్రపు పాయ ఒడ్డున గాస్‌ఫర్డ్ అనే ఊరు, 20 వేల మంది పట్టే మైదానం, దాని ఒక చివర తాటిచెట్ల లాంటి పామ్ చెట్లు, వాటి వెనక నీళ్లు. స్టాండ్ దగ్గర గాలి ఊదిన పెద్ద పెద్ద సాస్ సీసాలు నిలబడి ఉంటాయి, దగ్గర్లోని సాస్ ఫ్యాక్టరీ ప్రకటన అది. ఆ జట్టు 2015-16 నుంచి 2019-20 దాకా ఐదు సీజన్లలో నాలుగు సార్లు ఆఖరి స్థానంలో నిలిచింది. జారిపోయే పద్ధతి ఉండి ఉంటే ఈ క్లబ్ ఎప్పుడో కనుమరుగయ్యేది. మూసిన తలుపుల లీగ్ అని తిట్టుకునేవాళ్లు (నేనూ తిట్టుకుంటాను) ఈ ఒక్కచోట కాస్త తగ్గాలి. కోచ్ నిక్ మాంట్‌గోమరీ వేరేచోట వదిలేసినవాళ్లనీ, ఊరి కుర్రాళ్లనీ కలిపి జట్టు కట్టాడు. స్కాట్లండ్‌లో పుట్టి, తల్లి వైపు నుంచి ఆస్ట్రేలియా తరఫున ఆడిన జేసన్ కమింగ్స్ ముందు వరుసలో ఉండేవాడు. ఒంటినిండా పచ్చబొట్లు, నోటినిండా మాటలు.

సెమీస్‌లో సిటీ సిడ్నీ ఎఫ్‌సీని, మారినర్స్ అడిలైడ్‌ను దాటాయి. అంటే పాత లెక్క ప్రకారం ఫైనల్ మెల్‌బోర్న్‌లో సిటీ సొంత మైదానంలో జరగాలి. కొత్త లెక్క ప్రకారం పారమట్టాలో జరిగింది. గాస్‌ఫర్డ్ నుంచి కారులో గంటా, గంటంపావు ప్రయాణం. ప్రయాణపు బస్సుల నిండా పసుపు చొక్కాలు. సిటీ అభిమానులు మాత్రం 900 కిలోమీటర్ల దూరం నుంచి రావాలి. రాకుండా బహిష్కరించినవాళ్లూ ఉన్నారు. మొదటి స్థానంలో నిలిచిన జట్టు, తన ఫైనల్‌లో, అతిథి.

మొదటి సగం అయ్యేసరికి మారినర్స్ 2-1. రెండో సగంలో సిటీ కుప్పకూలింది. కమింగ్స్ హ్యాట్రిక్, అందులో రెండు పెనాల్టీలు. గ్రాండ్ ఫైనళ్లలో ఇంతకన్నా పెద్ద తేడాతో గెలిచింది ఒక్క విక్టరీయే, 2007లో అడిలైడ్ మీద 6-0, అందులో ఐదు ఆర్చీ థాంప్సన్‌వే.

మెల్‌బోర్న్‌లో ఆడి ఉంటే సిటీ గెలిచేదా? అలా అనలేను. అంతకు ముందేడాది అదే సిటీ, తన సొంత ఊళ్లోనే జరిగిన ఫైనల్‌లో వెస్టర్న్ యునైటెడ్ చేతిలో 2-0తో ఓడింది. సొంతగడ్డ గెలుపుకు హామీ కాదు. ఆ రోజు మారినర్స్ ఆడిన ఆటకు ఏ మైదానమైనా ఒకటే అనిపిస్తుంది. కానీ ఇక్కడ లెక్క ఫలితానిది కాదు. 26 మ్యాచుల కష్టానికి ఫైనల్‌లో దక్కే ఒక్కగానొక్క కూలిని ఏడు నెలల సీజన్ మధ్యలో, ఆట ఆడుతుండగానే, వేరేవాడికి అమ్మేయడం. రూల్స్ మార్చుకోవచ్చు. ఆట మొదలెట్టాక మార్చకూడదు.

కమింగ్స్ ఆ ఫైనల్ తర్వాత కోల్‌కతాకు వచ్చేశాడు, మోహన్ బగాన్‌కు. మరుసటి ఏడాది మెక్‌లారెన్ కూడా అక్కడికే చేరాడు. పారమట్టాలో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు సెంటర్ ఫార్వర్డ్‌లు సాల్ట్ లేక్‌లో ఒకే చొక్కా వేసుకున్నారు.

వెనక్కి తీసుకున్నారు

మూడేళ్ల బేరం ఒక్క ఏడాదికే ముగిసింది. 2023 అక్టోబర్‌లో, కొత్త సీజన్ మొదలయ్యే ముందు, ఏపీఎల్ ఆ నిర్ణయాన్ని రద్దు చేసుకుంది. సిడ్నీకి బదులుగా 'యునైట్ రౌండ్' ఇచ్చారు. ఒక వారాంతం మొత్తం మ్యాచులన్నీ ఆ ఊళ్లోనే. అది ఎవరికీ పెద్ద అభ్యంతరం కాలేదు, ఎందుకంటే అది ఎవరూ కష్టపడి సంపాదించుకున్నది కాదు. బేరం కుదిర్చిన ముఖ్య కార్యనిర్వాహకుడు డానీ టౌన్‌సెండ్ అదే నెలలో పదవి వదిలి వెళ్లాడు. కొద్ది నెలలకే, 2024 జనవరిలో, ఏపీఎల్ తన సిబ్బందిలో దాదాపు సగం మందిని ఇంటికి పంపింది. ఆ కోటి డాలర్ల కోసం అంత ఆత్రం ఎందుకు పడ్డారో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఇక మారినర్స్. వాళ్లకూ సిడ్నీకీ పాత లెక్క ఒకటుంది. 2008లో వాళ్లు గ్రాండ్ ఫైనల్ ఆతిథ్యం సంపాదించుకున్నారు. గాస్‌ఫర్డ్ మైదానం చిన్నదని ఆ మ్యాచ్‌ను తీసుకెళ్లి సిడ్నీలో ఆడించారు. న్యూకాసిల్ చేతిలో 1-0తో ఓడారు. అంటే సొంతగడ్డను లాక్కోవడమంటే ఏమిటో ఆ లీగ్‌లో అందరికన్నా ముందు తెలిసినవాళ్లు మారినర్సే. 2023లో అదే అన్యాయం వాళ్లకు కలిసొచ్చింది.

2023-24 సీజన్‌ను వాళ్లు వరుసగా నాలుగు ఓటములతో మొదలుపెట్టారు. కొత్త కోచ్ మార్క్ జాక్సన్. కమింగ్స్ లేడు, మాంట్‌గోమరీ లేడు. అయినా పట్టికలో మొదట నిలిచారు. మధ్యలో ఆసియా క్లబ్బుల పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్ కోసం భువనేశ్వర్ కూడా వచ్చి ఒడిశా ఎఫ్‌సీతో ఆడి వెళ్లారు, ఆ కప్పూ గెలిచారు. 2024 మే 25న విక్టరీతో గ్రాండ్ ఫైనల్. ఈసారి పట్టికలో పైనున్నవాళ్ల ఊళ్లోనే.

తొంభై నిమిషాలు గడిచేసరికి మారినర్స్ 1-0తో వెనకబడి ఉంది. అదనంగా ఇచ్చిన నిమిషాల్లో ర్యాన్ ఎడ్మండ్‌సన్ సమం చేశాడు. అదనపు సమయంలో ఇంకో రెండు పడ్డాయి. 3-1. గాస్‌ఫర్డ్‌లో జరిగిన మొట్టమొదటి గ్రాండ్ ఫైనల్ అది. చివరి ఈల మోగాక జనం ఇళ్లకు నడిచే వెళ్లారు.